ముందు సీటు కింద నీళ్లు: సీలెంట్ పూయించే ముందు చూసుకోవలసినవి

మీరు చెప్పిన వివరాలను బట్టి నాకు అర్థమైనది ఇది. ఎనిమిదేళ్ల హ్యాచ్‌బ్యాక్ కారు. ముందు ఎడమ సీటులో కూర్చున్నవాళ్లు కాళ్లు పెట్టుకునే చోట, మ్యాట్ కింది కార్పెట్ తడిసిపోతోంది. వాన పడిన మర్నాడు ఎక్కువగా, వాన లేని రోజుల్లో కొద్దిగా తడి కనిపిస్తోంది. తలుపు తెరవగానే ముక్కిన వాసన వస్తోంది. రెండుసార్లు ముందు అద్దం అంచు వెంట సిలికోన్ సీలెంట్ పూయించారు, ఫలితం లేదు. ఇంటి దగ్గరే కారణం కనిపెట్టి బాగుచేసుకోవచ్చా అని అడిగారు. చాలావరకు చేసుకోవచ్చు. ఇరవై ఏళ్లకు పైగా కార్ల బాడీ పనిలో ఉన్నాను. ప్రతి ఏడాదీ జూన్‌లో తొలకరి పడిన వారం నుంచే ఇలాంటి కార్లు రావడం మొదలవుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఒక టార్చి, ఒక చెంబు నీళ్లు, ఒక సెలవు రోజు పొద్దుటి పూట ఉంటే యజమాని తన ఇంటి ముందే సరిచేసుకోగలిగినవే.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. కారును నీళ్లు చొరబడని డబ్బాలాగా తయారుచేయరు. ముందు అద్దం మీద పడిన వాన వైపర్ల కింద ఉన్న నల్లని ప్లాస్టిక్ జాలీలోకి దిగుతుంది. తలుపు అద్దం మీద పడినది అద్దంతో పాటే తలుపు లోపలికి జారుతుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ డ్యాష్‌బోర్డు లోపలే నీరు పుడుతూ ఉంటుంది. ఇదంతా తయారీదారుకు తెలిసే జరుగుతుంది, అందుకే ప్రతిదానికీ బయటకు పోయే దారి ఒకటి పెట్టి ఉంటారు. కాబట్టి లోపల తడి కనిపించినప్పుడు ‘ఎక్కడ కన్నం పడింది’ అని వెతకడం కన్నా ‘ఏ దారి మూసుకుపోయింది’ అని వెతకడం వల్ల పని త్వరగా తెములుతుంది. సీలెంట్ ఈ రెండో ప్రశ్నకు జవాబు కాదు. పైగా తెలియక, నీరు పోయే దారినే మూసేస్తే నష్టం పెరుగుతుంది. తలుపు అడుగు అంచున ఉండే సన్నని రంధ్రాలను ఎవరో సీలెంట్‌తో పూడ్చేసిన కారు ఒకటి మా దగ్గరికి వచ్చింది. తలుపు ఊపితే లోపల నీళ్లు కుండలో తొణికినట్టు చప్పుడు చేశాయి, అడుగు రేకు అప్పటికే తుప్పు పట్టి పొరలుగా రాలుతోంది.

తడి ఏ నీటిదో తెలుసుకోవడం మొదటి పని. తెల్లని బనీను గుడ్డ ముక్కను కార్పెట్ మీద గట్టిగా అదిమి తీసి, వెలుతురులో చూడండి. గుడ్డ మీద మరక లేకుండా, వాసన లేకుండా ఉంటే అది చాలావరకు ఏసీ నీరు. మట్టి రంగు, ఆకుల కుళ్లు వాసన ఉంటే వాన నీరు. ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో ఉండి, వేళ్ల మధ్య జిగురుగా జారుతూ తియ్యటి వాసన వేస్తే అది ఇంజన్ కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. డ్యాష్‌బోర్డు లోపల ఉండే హీటర్ రేడియేటర్ కారుతోందని అర్థం. అలాంటప్పుడు ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర పేరుకోవడం, బానెట్ కింది కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గడం కూడా గమనిస్తారు. ఇది మాత్రం ఇంటి పని కాదు. మట్టం తగ్గిన కారును నడిపితే ఇంజన్ వేడెక్కి పాడవుతుంది గనుక వెంటనే వర్క్‌షాపుకు చేర్చాలి. వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ మూత విప్పడం ఎంతమాత్రం చేయకండి.

మీ విషయంలో వాన లేని రోజుల్లో కూడా తడి కనిపిస్తోందన్న మాటే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఆధారంగా తోస్తోంది. మన కార్లలో స్టీరింగ్ కుడి వైపు ఉంటుంది గనుక, ఏసీ గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ ఎక్కువ మోడళ్లలో గ్లవ్ బాక్స్ వెనకనో, డ్యాష్‌బోర్డు మధ్యలోనో ఉంటుంది. చల్లని చెంబు బయట చెమ్మ పట్టినట్టే, ఆ కాయిల్ మీద గాలిలోని తేమ నీటి బొట్లుగా మారి కింది తొట్టిలోకి జారుతుంది. ఉక్కపోత రోజున, ముఖ్యంగా విశాఖ, నెల్లూరు లాంటి సముద్రానికి దగ్గరి ఊళ్లలో, ఒక గంట ప్రయాణంలోనే అర లీటరుకు మించి నీరు చేరవచ్చు. తొట్టి అడుగు నుంచి ఒక చిన్న గొట్టం ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకు గోడను దాటుకుని కారు కిందికి తెరుచుకుంటుంది. దుమ్ము, తేమ కలిసి ఆ గొట్టంలో నల్లని జిగురు ముద్దగా పేరుకుంటే, నీరు తొట్టి అంచు దాటి లోపలికే పొర్లుతుంది. అప్పుడు మొదట తడిసేది ఎడమ సీటు ముందున్న కార్పెట్టే. మలుపు తిరిగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు గ్లవ్ బాక్స్ వైపు నీళ్లు కదిలిన శబ్దం వినిపిస్తే ఇక సందేహించనక్కరలేదు.

దీన్ని నిర్ధారించడానికి పనిముట్లు ఏమీ అక్కరలేదు. పొడిగా ఉన్న నేల మీద, గాలి బాగా ఆడే ఆరుబయట కారు ఆపి, అద్దాలు దించి, ఏసీని పూర్తి చల్లదనంలో పదిహేను, ఇరవై నిమిషాలు నడపండి. ముందు భాగం కింద, ఎడమ వైపో మధ్యలోనో, నేల మీద నీటి మడుగు కట్టాలి. గాలిలో తేమ ఉన్న రోజున కూడా చుక్క రాలకపోతే గొట్టం మూసుకుపోయినట్టే. కొన్ని కార్లలో ఈ గొట్టం మూతి బానెట్ తెరిచి రేకు గోడ వైపు కిందికి చూస్తే కనిపిస్తుంది. మరికొన్నిటిలో కారు కింద నుంచి మాత్రమే అందుతుంది. కింద దూరవలసి వస్తే కారును జాకీ మీద మాత్రమే నిలబెట్టి దూరకండి. చదునైన నేల మీద, తగిన బరువు మోసే స్టాండ్లు పెట్టుకుని, వెనక చక్రాలకు అడ్డాలు వేశాకే వెళ్లాలి. అవి లేకపోతే ఈ ఒక్క పనిని దగ్గరి మెకానిక్ లిఫ్టు మీద చేయించడం మేలు. ఇంజన్ చల్లారాక, మెత్తని ప్లాస్టిక్ కేబుల్ టై కొసను గుండ్రంగా కత్తిరించి, గొట్టంలోకి మెల్లగా రెండు మూడు అంగుళాలు తోసి తిప్పండి. మొన కోసుగా ఉన్న ఇనుప తీగ వాడకండి, లోపలి కాయిల్ అల్యూమినియంతో చేసినది గనుక సులభంగా చిల్లు పడుతుంది. కంప్రెసర్ గాలి కొట్టించవద్దు, గొట్టం అతుకు లోపలి వైపు ఊడిపోతే డ్యాష్‌బోర్డు విప్పవలసి వస్తుంది. ముద్ద కదలగానే నీళ్లు ఒక్కసారిగా ధారకడతాయి. గత వేసవిలో ఒక కారుకు ఇలాగే చేసినప్పుడు మొదట బొటనవేలంత నల్లని ముద్ద జారిపడింది, దాని వెనకే దాదాపు రెండు లీటర్ల నీరు వచ్చింది. ఆ యజమాని అప్పటికి మూడు నెలలుగా కార్పెట్‌ను ఎండబెట్టుకుంటూనే ఉన్నారు.

వాన పడ్డాక తడి మరింత పెరుగుతోందంటే రెండో దారి కూడా మూసుకుపోయి ఉండవచ్చు. గ్లవ్ బాక్స్‌ను దించి, ఏసీ ఫిల్టర్‌ను బయటకు తీయండి. చాలా కార్లలో దీనికి స్క్రూడ్రైవర్ కూడా అక్కరలేదు, రెండు వైపులా లోపలికి నొక్కితే గ్లవ్ బాక్స్ కిందికి వాలుతుంది. వాన పడిన మర్నాడు ఫిల్టర్ తడిగా, ఉబ్బి, మట్టి చారలతో ఉంటే నీరు పై నుంచి, అంటే వైపర్ల కింది కాలువ నుంచి గాలి దారిలోకి వస్తోంది. ఫిల్టర్ పొడిగా ఉండి కార్పెట్ మాత్రమే తడిస్తే అనుమానం ఏసీ గొట్టం మీదికి, లేదా తలుపు మీదికి మళ్లించాలి. వైర్లు విప్పకుండా, ఏమీ పాడవకుండా ఇంత స్పష్టంగా దారి చూపే పరీక్ష ఇంకొకటి లేదు. కారు పని నేర్చుకునే పిల్లలకు నేను మొదట చూపించేది ఇదే.

వైపర్ల కింది ఆ కాలువకు రెండు చివర్లలో నీరు దిగే రంధ్రాలుంటాయి. అవి ముందు చక్రాల వెనక నేల మీదికి తెరుచుకుంటాయి. కారును కానుగ చెట్టు కిందనో, వేప చెట్టు కిందనో నిలిపేవాళ్లకు ఈ కాలువ ఒక్క ఏడాదిలో నిండిపోతుంది. వేపాకు చిన్నది కాబట్టి జాలీ సందుల్లోంచి సునాయాసంగా దిగుతుంది. కానుగ పూలు వేసవిలో రాలి, వానకు నాని, పేడలాంటి ముద్దగా మారతాయి. నా సొంత కారులోనే ఒకసారి జాలీ విప్పితే, ఎడమ మూల అరచేయి మందాన నల్లని మట్టి పేరుకుని, అందులో కానుగ గింజ ఒకటి మొలకెత్తి జానెడు పెరిగి ఉంది. ఆ మట్టి మీద నిలిచిన నీరు ఏసీకి గాలి పోయే రంధ్రపు అంచు దాటి, తిన్నగా బ్లోయర్ మీదికి, అంటే ఏసీ గాలిని లోపలికి తోసే ఫ్యాను మీదికి పడుతోంది. మరికొన్ని వానలు అలాగే సాగితే బ్లోయర్ మోటారు కాలిపోయేది.

ఆ కాలువను శుభ్రం చేయాలంటే జాలీ విప్పాలి. ముందు వైపర్లు నిలిచిన చోట అద్దం మీద కాగితపు టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి, లేకపోతే తిరిగి బిగించినప్పుడు వైపర్ అద్దం దాటి కొట్టుకుంటుంది. వైపర్ మొదట్లో ప్లాస్టిక్ మూత కింద నట్టు ఉంటుంది. దాన్ని విప్పాక వైపర్ చేయి పట్టేసి ఉంటే అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలించి తీయాలి. ఒక్కసారిగా లాగితే పళ్లు పాడవుతాయి. ఎనిమిదేళ్ల కారులో ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకు పెళుసెక్కి ఉంటాయి గనుక నాలుగైదు కొత్తవి ముందే కొని దగ్గర పెట్టుకోండి. ఆకులు, మట్టి చేత్తోనే ఎత్తిపోయండి. పైపు పెట్టి నీళ్లతో తోస్తే అదంతా రంధ్రంలోకి దిగి గట్టిగా బిగుసుకుంటుంది. అడుగు కనిపించాక ఒక చెంబు నీళ్లు మెల్లగా పోసి, రెండు వైపులా చక్రాల వెనక నేల మీద నీరు పడుతోందో లేదో చూడాలి. ఒక వైపు పడకపోతే ఆ వైపు రంధ్రాన్ని మెత్తని ప్లాస్టిక్ గొట్టంతో కదిలించండి. తిరిగి బిగించేటప్పుడు జాలీ కింద అంచు వెంట ఉండే ఫోమ్ పట్టీని కూడా గమనించండి. అది పొడి పొడిగా రాలిపోతే జాలీ ఎంత బాగా కూర్చున్నా నీరు పక్కకు మళ్లుతుంది.

తడి సీటు ముందు కాకుండా తలుపు గుమ్మం వైపు, కార్పెట్ అంచున మొదలవుతుంటే కారణం తలుపులో వెతకాలి. తలుపు లోపలి ప్యాడ్ వెనక ఒక పల్చని ప్లాస్టిక్ షీటు, చుట్టూ నల్లని జిగురుతో రేకుకు అంటించి ఉంటుంది. అద్దంతో పాటు లోపలికి దిగిన నీటిని క్యాబిన్ వైపు రాకుండా ఆపేది ఆ షీటే. కొత్త స్పీకర్లు బిగించేటప్పుడు దాన్ని కోసేయడం, సగం ఊడదీసి అలాగే ప్యాడ్ మూసేయడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. పని చేసినవాడు తెలియక చేస్తాడు. కారు యజమానికి నీళ్లు కనిపించేది ఆ తరువాత వచ్చే వానాకాలంలో గనుక రెండిటికీ సంబంధం ఉందని తోచదు. మీ కారులో స్పీకర్లు మార్చి ఉంటే, లేదా పవర్ విండో మోటారు రిపేరు జరిగి ఉంటే, ప్యాడ్ విప్పి చూడటం తప్పనిసరి. షీటు చిరగకపోతే పాత జిగురు గీకేసి, రేకును పొడిగా తుడిచి, బ్యూటైల్ టేపుతో (జిగురుగా ఉండే మెత్తని రబ్బరు పట్టీతో) చుట్టూ తిరిగి అంటించండి. చిరిగితే కొత్త షీటు కొనడమో, మందపాటి పాలిథిన్‌ను అదే కొలతకు కత్తిరించి వాడటమో చేయవచ్చు. కింది అంచు మాత్రం అసలు షీటు ఎలా ఉందో అలాగే, నీరు తలుపు లోపలికే జారేలా, రేకు చీలికలోకి దోపాలి. ఇక్కడ సిలికోన్ వాడకండి, మళ్లీ ఎప్పుడైనా విప్పవలసి వస్తే షీటు ముక్కలవుతుంది.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మీద అందరికీ అనుమానం వస్తుంది గానీ, నా అనుభవంలో దాని తప్పు తక్కువ. పరీక్ష సులభం. ఒక కాగితపు పట్టీని రబ్బరుకూ రేకుకూ మధ్య పెట్టి తలుపు మూసి, మెల్లగా లాగండి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టే. ఏదో ఒక చోట పట్టు లేకుండా జారితే అక్కడ రబ్బరు నలిగిందనో, తలుపు కొద్దిగా కిందికి దిగిందనో అర్థం. రబ్బరు మెత్తగా ఉండటానికి సిలికోన్ గ్రీజు పల్చగా రాయవచ్చు. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు రాస్తే అది ఉబ్బి పాడవుతుంది.

ఇవన్నీ చూశాక కూడా దారి దొరకకపోతే నీళ్ల పరీక్ష చేయాలి, దానికి ఇద్దరు కావాలి. కార్పెట్ అంచు ఎత్తి లోపలి రేకును పూర్తిగా పొడిగా తుడిచి, దాని మీద కాస్త టాల్కం పౌడరు చల్లండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. రెండోవారు నోజిల్ లేని తోట పైపుతో, నీరు మెల్లగా జారేలా, కింది భాగం నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ముందు తలుపు కింది సగం, తరువాత తలుపు అద్దం దగ్గర, తరువాత వైపర్ల జాలీ, ఆ తరువాతే ముందు అద్దం అంచు, చివరికి పైకప్పు. ఒక్కో చోట కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. మొదటే పైకప్పు మీద నీళ్లు పోస్తే అది అన్ని చోట్లకూ జారి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. వాటర్ సర్వీసింగ్ షాపులో వాడే ప్రెషర్ గన్ ఈ పరీక్షకు పనికిరాదు. అంత వేగంతో కొడితే బాగున్న రబ్బరు సందులోంచి కూడా నీరు దూరి, లేని తప్పును చూపిస్తుంది. లోపల కూర్చున్నవారు నీటి చుక్క కనిపించిన చోటుతో సరిపెట్టుకోక, పౌడరు మీద పడిన చార ఎక్కడ మొదలైందో పైకి వెతుక్కుంటూ వెళ్లాలి. హారన్, అదనపు లైట్లు, ఆంప్లిఫయర్ కోసం వేసిన వైర్లు రేకు గోడలోని రబ్బరు గ్రొమెట్‌ను (వైర్లు దూరే రంధ్రానికి బిగించిన రబ్బరు బిరడాను) కోసుకుని లోపలికి వచ్చి ఉంటే, నీరు ఆ వైరు వెంటే జారి లోపలికి దిగుతుంది. అలాంటి వైరును గ్రొమెట్‌కు ముందు కిందికి వేలాడేలా ఒక వంపు తిప్పి, అప్పుడు లోపలికి పంపితే చుక్క ఆ వంపు అడుగునే రాలిపోతుంది.

ఇక ముందు అద్దం సంగతి. నీళ్ల పరీక్షలో అక్కడి నుంచే కారుతోందని తేలితే, మీ కారుకు ఇంతకుముందు అద్దం మార్చారేమో గుర్తు చేసుకోండి. అద్దాన్ని రేకుకు అంటించేది పాలీయురిథేన్ జిగురు. అతికించే ముందు రేకును సరిగా శుభ్రం చేయకపోయినా, తుప్పు గీకకపోయినా ఆ జిగురు ఏదో ఒక చోట పట్టు వదులుతుంది. పై నుంచి పూసిన సిలికోన్ ఆ ఖాళీలోకి చేరదు, బయట అంచున చర్మంలాగా ఆరిపోతుంది, అంతే. పైగా తరువాత అద్దం తీసి సరిగా అతికిద్దామన్నా, మిగిలిపోయిన సిలికోన్ పొర మీద కొత్త జిగురు అంటదు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకం సిలికోనైతే రేకుకు తుప్పు కూడా పట్టిస్తుంది. ముందు అద్దం వాన ఆపడానికి మాత్రమే కాదు. ప్రమాదంలో పైకప్పుకు బలం ఇస్తుంది, చాలా కార్లలో ఎడమ వైపు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు దాన్ని ఆనుకునే నిలబడుతుంది. అందుకే అద్దాన్ని తీసి మళ్లీ అతికించే పని మాత్రం అది తెలిసిన షాపులోనే చేయించండి, చేసిన తరువాత వాళ్లు చెప్పినన్ని గంటలు కారు నడపకండి. ఇప్పటికే పూసిన సిలికోన్‌ను ప్లాస్టిక్ గరిటెతో, ఓపికగా, రంగు చెడకుండా గీకేయించండి.

సన్‌రూఫ్ ఉన్న కార్లలో దాని తొట్టి మూలల్లోని గొట్టాలు మూసుకుపోయినా ముందు కాళ్ల దగ్గరే తడి తేలుతుంది. మీది సన్‌రూఫ్ లేని కారు గనుక ఆ వివరంలోకి వెళ్లను. డిక్కీలో మాత్రం ఒకసారి స్టెప్నీ ఎత్తి కింద చూడండి. అక్కడ కూడా నీరుంటే వెనక లైట్ల చుట్టూ ఉండే ఫోమ్ వాషర్లు చెడి ఉండవచ్చు. అవి చవకగానే దొరుకుతాయి.

కారణం సరిచేసినంత మాత్రాన పని పూర్తి కాదు. కార్పెట్ పై భాగం ఒక రోజు ఎండకే ఆరిపోతుంది, కానీ దాని కింద అతికించి ఉండే మందపాటి ఫోమ్ నీటిని స్పాంజిలాగా పట్టుకుని వారాల తరబడి వదలదు. మీకు వస్తున్న వాసన అక్కడిదే. గుమ్మం మీది ప్లాస్టిక్ పట్టీని పైకి లాగి తీస్తే కార్పెట్ అంచు ఎత్తవచ్చు. కింద చెక్క ముక్కలు పెట్టి గాలి ఆడేలా నిలబెట్టి, నీళ్లు పీల్చే వ్యాక్యూమ్‌తోనో, పొడి తువ్వాళ్లు అదిమిపెట్టో ముందు నీటిని లాగేయండి. తరువాత తలుపులు తెరిచి టేబుల్ ఫ్యాన్ ఒక రోజంతా నడపండి. సీటు విప్పితే పని తేలికవుతుంది గానీ, సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌కు గానీ, సీటుబెల్టు బిగించే పరికరానికి గానీ సంబంధించినది కావచ్చు. దాన్ని ఇంట్లో విప్పకండి, సీటును పూర్తిగా వెనక్కి జరిపి వీలైనంత చేయండి. ఫోమ్ ఆరకముందే సెంటు డబ్బాలు, పరిమళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. రేకు మీద ఎక్కడైనా ఎర్రని మచ్చ కనిపిస్తే ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమరు, ఆపైన రంగు పూసి, అది గట్టిపడ్డాకే కార్పెట్ దించండి.

ఇదంతా అయ్యాక గుమ్మం పట్టీని వెంటనే బిగించవద్దు. కార్పెట్ కింద ఒక మడత న్యూస్ పేపరు పరిచి, ఒకటి రెండు పెద్ద వానలు చూసి, మధ్యలో ఏసీ వేసుకుని ఒక గంట ప్రయాణం కూడా చేయండి. పేపరు పొడిగా బయటకు వస్తే క్లిప్పులు నొక్కేయండి. తడిస్తే, ఎటువైపు మూల తడిసింది, అంతకు ముందు వాన పడిందా, ఏసీ మాత్రమే వేశారా అన్నది రాయండి. ఫిల్టర్ ఎలా ఉందో కూడా చెబితే తరువాత ఎక్కడ విప్పి చూడాలో చెప్పగలను.